బెంగళూరులో ఉమ్మడి పెరడు: పది ఇళ్ళు కలిసి కూరలు పండించుకోవడం ఎలా

మా అపార్ట్‌మెంట్ వెనక, జనరేటర్ గదికీ కాంపౌండు గోడకీ మధ్య 60 అడుగుల పొడవున ఖాళీ చోటు ఒకటి ఉండేది. పగిలిన టైల్సు, ఎవరిదో పాత మంచం కోళ్ళు, వానలు పడితే నడుమెత్తు వయ్యారిభామ. ఇప్పుడక్కడ ఆరు మడులున్నాయి. ఈ వారం నీళ్ళ వంతు మాది. పొద్దున ఆరున్నరకి వెళ్ళేసరికి, రాత్రంతా విచ్చుకుని ఉన్న బీరపూలు పందిరి మీద ముడుచుకుంటున్నాయి. ఎదురింటి అక్క గోంగూర రెండు గుప్పెళ్ళు తుంచుకుని, మేకుకి వేలాడే నోటుపుస్తకంలో రాస్తోంది.

ఇది మా రెండో ప్రయత్నం. మొదటిసారి మేం విత్తనాలతో మొదలుపెట్టాం. జనవరిలో అందరం ఉత్సాహంగా చందాలు వేసుకుని నలభై గ్రో బ్యాగులు (మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు) కొన్నాం. ఏప్రిల్లో పిల్లల పరీక్షలు అవగానే ఒక్కొక్క ఇంటికీ తాళం పడింది. ఒకరు నెల్లూరు, ఒకరు కడప, ఇద్దరు అనంతపురం. జూన్‌లో తిరిగొచ్చి చూస్తే టమాటా మొక్కలు వట్టి కట్టెలై నిలబడి ఉన్నాయి. పురుగూ తెగులూ కారణం కాదు. నీళ్ళు ఎవరు పోయాలో మేం ఎక్కడా రాసుకోలేదు.

అందుకని ఇక్కడ చెప్పే వరుస వేరు. ముందు మనుషులు, తర్వాత అనుమతి, చోటు, నీళ్ళు, మట్టి. విత్తనం ఆ తర్వాతే. విత్తనం మీ చేతికొచ్చే నాటికి రెండు నెలలు పట్టినా తొందరపడకండి.

మొదటి అడుగు: పది ఇళ్ళను కూడగట్టడం

వాట్సాప్ గ్రూపులో "తోట పెడదామా?" అని అడిగితే ఎనభై మంది బొటనవేలు బొమ్మ పెడతారు. పార పట్టుకుని వచ్చేది నలుగురు. తలుపు తట్టి అడగండి. మూడే ప్రశ్నలు. వారానికి ఎంతసేపు ఇవ్వగలరు? పొద్దునా, సాయంత్రమా? ఏప్రిల్, మే నెలల్లో ఊళ్ళో ఉంటారా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికంటే ముఖ్యం. పదిళ్ళలో కనీసం నాలుగు వేసవిలో ఇక్కడే ఉండేవి అయ్యుండాలి.

మన తెలుగువాళ్ళం మాత్రమే కలిసి చేసుకుందాం అనుకోకండి. అది పొరపాటు. సెలవులకు అందరం ఒకేసారి ఊళ్ళకి పోతాం. బెంగళూరువాళ్ళు ఇక్కడే ఉంటారు, పైగా ఈ నేల గుణం వాళ్ళకి తెలుసు. కన్నడంలో పెరటి తోటని కైతోట అంటారు. మా కింది అంతస్తులో ఉండే కన్నడ అజ్జి అవరేకాయ అంటుంది, చిత్తూరు నుంచి వచ్చిన మేం అనపకాయ అంటాం (చిక్కుడు జాతి కాయ, సొరకాయ కాదు). గింజ నానబెట్టి, వేళ్ళతో చిదిమి పైపొట్టు తీసి వండితే ఆవిడకి హితికిన బేళె, మాకు పితికిపప్పు. ఆ ఒక్క కూర దగ్గర మా రెండిళ్ళ మధ్య ఏర్పడిన చనువు ఏ మీటింగులోనూ ఏర్పడలేదు.

మనవల్ని చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన తాతలు, అమ్మమ్మలు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. సాయంత్రాలు బెంచీ మీద తోచక కూర్చుంటారు. నారు ఎప్పుడు పీకాలో, పందిరికి ముడి ఎలా వెయ్యాలో వాళ్ళకి చేతుల్లో ఉంటుంది. "పెద్దనాన్నగారూ, ఒక్కసారి వచ్చి చూస్తారా?" అని పిలవండి చాలు.

ఇంకో మాట. వాచ్‌మన్ కుటుంబం, హౌస్‌కీపింగ్ అమ్మలు తోటలో పనిచేస్తే వాళ్ళనీ వాటాదారులుగా రాసుకోండి. ఊళ్ళల్లో నాట్లకీ కోతలకీ ఒకరి చేలోకి ఒకరు బదులు వెళ్ళేవాళ్ళు, చేసినవాడికి తిరిగి పని అందేది. ఇక్కడ కూడా ఉచితంగా చేయించుకోవడం ఉండకూడదు. చేసిన చేతికి కూర దక్కాలి.

రెండో అడుగు: కాగితం మీద అనుమతి

అపార్ట్‌మెంట్ ఆవరణ ఏ ఒక్కరిదీ కాదు, అందరికీ అవిభక్త వాటా ఉంటుంది. కాబట్టి సెక్రటరీ నోటిమాటగా సరే అంటే సరిపోదు. సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాయించండి. చిన్నగా అడగండి. ఫలానా గోడ పక్కన ఇన్ని అడుగులు, ఒక్క ఏడాదికి, నచ్చకపోతే మేమే చదును చేసి ఇస్తాం అని. ఏడాది గడువు పెట్టేసరికి వద్దన్నవాళ్ళు కూడా మెత్తబడతారు.

అభ్యంతరాలు ఎక్కడైనా ఇవే: దోమలు, ఎలుకలు, నీళ్ళ ఖర్చు, గోడ చెమ్మ. వీటిని కొట్టిపారేయకండి, నాలుగూ నిజమైన భయాలే. డెంగీ దోమ నిలవ నీటిలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి డ్రమ్ములకి సన్న వల కట్టి బిగిస్తామనీ, ప్రతి ఆదివారం పళ్ళేలూ తొట్లూ బోర్లిస్తామనీ రాసివ్వండి. వండిన అన్నం, మాంసం కంపోస్టులో వెయ్యబోమని రాసివ్వండి, ఎలుకల సంగతి అక్కడే సగం తీరుతుంది. గోడకీ మడికీ మధ్య రెండడుగుల దారి వదిలితే చెమ్మ గోడకి ఎక్కదు.

మీకున్న చోటు లేఅవుట్ పార్కు అయితే సొంతంగా పలుగు వెయ్యకండి. కర్ణాటకలో పార్కులు, ఆటస్థలాల రక్షణకి 1985 చట్టం ఉంది. వాటిని వేరే అవసరానికి మళ్ళించకూడదు. నగరపాలక సంస్థ ఉద్యాన విభాగానికి దరఖాస్తు పెట్టి, పార్కు అంచున ఒక వరుస అడగండి. 2025 సెప్టెంబరులో పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ వార్డు ఇప్పుడు ఏ కార్పొరేషన్‌లోకి వచ్చిందో ముందు చూసుకోండి. నీడ ఎక్కువైందని చెట్టు కొట్టించాలన్నా 1976 వృక్ష సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. ఖాళీ సైటు అయితే యజమాని సంతకం తీసుకుని, గ్రో బ్యాగుల్లోనే పెంచండి. ఆయన ఇల్లు మొదలుపెట్టిన రోజున ఎత్తుకుపోవచ్చు.

మూడో అడుగు: ఎండ ఎక్కడ, బరువు ఎంత

కాయగూరలకి రోజుకి ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. ఒక్క రోజు చూసి నిర్ణయించకండి. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24న, ఆగస్టు 18న మిట్టమధ్యాహ్నం ఇక్కడ నిలబడ్డ కర్రకి నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకి కొంచెం ఉత్తరాన ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణాన. డిసెంబరు చివర్లో 40 అడుగుల ఎత్తు భవనం మధ్యాహ్నానికి ఉత్తరం వైపు సుమారు 30 అడుగుల నీడ వేస్తుంది. అంటే మే నెలలో ఎండ బాగుందని భవనానికి ఉత్తరాన మడులు కడితే, చలికాలంలో టమాటా పూతకొచ్చే వేళకి అవి నీడలో పడతాయి. తూర్పు వైపు లేదా దక్షిణం వైపు చోటు దొరికితే వదలకండి.

డాబా మీద పెడదామనుకునేవాళ్ళు ఈ లెక్క తప్పక చూడాలి. తడిసిన మట్టి ఘనమీటరుకి 1,600 కిలోలకి తగ్గదు. అడుగు లోతు మడి కట్టి నీళ్ళు పోస్తే చదరపు మీటరుకి దాదాపు 500 కిలోలు. మనుషులు తిరిగే డాబాకి, భవనాలు మోసే బరువులకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 లెక్కలో తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు మాత్రమే. ఇటుకలు పేర్చి డాబా మీద నేరుగా మట్టి పోయకండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువగా కలిపిన తేలికపాటి గ్రో బ్యాగుల్ని ఎడం ఎడంగా, కింద గోడలూ దూలాలూ ఉన్న చోట్ల పెట్టండి. నేల మీద ఉన్నాం కదా అనుకునేవాళ్ళు కూడా ఒకసారి కిందకి దిగి చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో లాన్ కింద బేస్‌మెంట్ పార్కింగ్ ఉంటుంది. అదీ డాబా లాంటిదే. అక్కడ ఇంజనీరుని అడక్కుండా ఏమీ కట్టకండి.

ట్రాఫిక్ రోడ్డుకి ఆనుకున్న అంచునీ, మురికినీళ్ళు పారే రాజకాలువ పక్కనీ వదిలెయ్యండి. అక్కడి దుమ్ములోనూ బురదలోనూ ఉండే సీసం లాంటి లోహాలు ఆకుకూరల్లోకి ఎక్కుతాయి.

నాలుగో అడుగు: నీళ్ళ లెక్క

మా మడి ఒక్కొక్కటి 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. దాదాపు మూడు చదరపు మీటర్లు. వేసవిలో చదరపు మీటరుకి రోజుకి ఐదు లీటర్లు కావాలి, అంటే మడికి 15 లీటర్లు, సరిగ్గా ఒక ప్లాస్టిక్ బిందె. ఆరు మడులకి ఆరు బిందెలు, 90 లీటర్లు. వానాకాలంలో చాలా రోజులు ఒక్క బిందె కూడా అక్కర్లేదు.

90 లీటర్లు తక్కువే అనిపిస్తుంది కానీ, 2024 మార్చి గుర్తుందిగా. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం రాత్రి పదింటి దాకా ఎదురుచూసిన రోజులు. అప్పుడు నీటి బోర్డు తాగునీటిని తోటలకి, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. కావేరి నీళ్ళ మీద ఆధారపడి తోట వెయ్యకూడదు. వేస్తే మొదటి కరువు సంవత్సరంలోనే, న్యాయంగానే, మీ తోట ఆపేయమంటారు.

వాననీటి లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. నగరంలో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు కురుస్తుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడేది 97,000 లీటర్లు. ఐదో వంతు పోయినా 77,000 లీటర్లు మిగులుతాయి. మన ఆరు మడులకి ఏడాది పొడుగునా రోజూ పోసినా 33,000 దాటదు. చిక్కల్లా దాచడంలోనే. వానంతా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది, అవసరం మార్చిలో వస్తుంది. వాన గొట్టానికి రెండు మూడు 200 లీటర్ల డ్రమ్ములు కలిపితే వానల మధ్య విరామాలు గడుస్తాయి. వేసవికి మాత్రం సంప్, అంటే నేల కింద కట్టిన నీళ్ళ తొట్టి, కావాలి. మీ భవనానికి వాననీటి సంప్ ఇప్పటికే ఉండొచ్చు. 2009లో వచ్చిన సవరణతో ఇక్కడ వాననీటి సేకరణ తప్పనిసరి అయింది. చాలాచోట్ల ఆ సంప్ పూడిపోయి, మూత కూడా తెరవకుండా ఉంటుంది. తోట కోసమని దాన్ని శుభ్రం చేయించండి. అసోసియేషన్ దగ్గర మీ మాటకి విలువ పెరగడానికి అంతకంటే మంచి పని లేదు.

ఎస్టీపీ నీళ్ళని, అంటే అపార్ట్‌మెంట్ మురుగునీటిని శుద్ధి చేయగా వచ్చిన నీళ్ళని, మునగ, అరటి, కరివేపాకు చెట్ల మొదట్లో పోయొచ్చు. ఆకుకూరల మీద వద్దు, పచ్చిగా తినే కొత్తిమీర మీద అసలే వద్దు. ఆర్‌వో మెషీన్ వదిలే నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రోజూ పోస్తే నేల తెల్లబారుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు ఎంతైనా తీసుకురండి.

ఐదో అడుగు: మట్టిని బతికించడం

బిల్డరు వదిలేసిన నేలలో మట్టి కంటే సిమెంటు పెచ్చులే ఎక్కువ. గునపంతో జానెడు తవ్వి చూడండి. ఇసుక, ఇటుక ముక్కలు వస్తే ఆ నేలని మార్చే ప్రయత్నం మానేసి, పైన ఇటుకలతోనో రాళ్ళతోనో అడుగు ఎత్తు మడి కట్టి కొత్త మట్టి నింపండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన కంపోస్టు ఒక పాలు, దానికి గుప్పెడు వేపపిండి. గ్రో బ్యాగులకైతే ఎర్రమట్టి, కంపోస్టు, కోకోపీట్ సమానంగా. గట్టి నేల మీదే వెయ్యాలనుకుంటే ముందు హెబ్బాళ దగ్గరి జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మట్టి పరీక్ష చేయించండి.

కంపోస్టు కొనకండి. మొదటి విడతకి తప్పదు, ఆ తర్వాత మీ వంటిళ్ళే ఇస్తాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తని వీలైనంత వరకు ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. తోట ఉంటే ఆ పనికి ఒక ప్రయోజనం కనిపిస్తుంది.

కోళ్ళ జాలీని మూడడుగుల వ్యాసంలో, నాలుగడుగుల ఎత్తులో గుండ్రంగా చుట్టి కడితే పంజరం సిద్ధం. అడుగున బెత్తెడు ఎండు పుల్లలు. పైన ఒక తట్ట తడి చెత్తకి రెండు తట్టల ఎండుటాకులు, వారానికోసారి పల్చటి పుల్లమజ్జిగ చిలకరింపు. జనవరి నుంచి మార్చి దాకా ఈ నగరపు వీధుల్లో ఆకు రాలినంతగా ఇంకెక్కడా రాలదేమో. కానుగ, నిద్రగన్నేరు ఆకుల్ని ఊడ్చి మూలకి పోసి తగలబెడుతుంటారు. ఊడ్చే అమ్మకి ఖాళీ గోతాలు ఇచ్చి నింపి పెట్టమని అడగండి. ఏడాదికి సరిపడా ఎండుటాకు ఆ మూడు నెలల్లోనే దాచుకోవాలి.

కుప్ప సరిగ్గా ఉందో లేదో చెయ్యి పెడితే తెలుస్తుంది. వారం తిరిగేసరికి లోపల చెయ్యి పెట్టలేనంత వేడి ఉండాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. కారిందంటే ఎండుటాకు వెయ్యండి, పొడిగా రాలితే నీళ్ళు చల్లండి. ముక్కు పగిలే వాసన వస్తోందంటే తడి ఎక్కువైంది. తెల్లటి లావు పురుగులు కనిపిస్తే భయపడకండి, అవి చాలావరకు కుళ్ళిపోయేదాన్ని తినేవే. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలల్లో నల్లగా, వాన పడ్డ నేల వాసనతో తయారవుతుంది.

జీవామృతం (పేడ, మూత్రంతో పులియబెట్టే ద్రవ ఎరువు) గురించి అడిగేవాళ్ళకి చిన్న కొలత: 20 లీటర్ల నీళ్ళలో కిలో తాజా ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, చెట్టు కింద మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు, రోజుకి రెండుసార్లు కర్రతో కలపాలి. పదింతల నీళ్ళు కలిపి మొదట్లో పొయ్యాలి, వారంలోపు వాడెయ్యాలి. పేడ ఎక్కడ అంటారా? ప్రతి లేఅవుట్ వెనకా ఒక పాత ఊరు ఉంటుంది, అక్కడ ఇంకా ఆవులున్నాయి.

ఆరో అడుగు: మొదటి విత్తు

మొదటి నెల ఆకుకూరలే వెయ్యండి. దీని మీద నాకు గట్టి నమ్మకం. తోటకూర, మెంతికూర 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తాయి, పాలకూర ఇంకో వారం. వంకాయ అయితే నారుకి నెల, నాటాక ఇంకో రెండు నెలలు. మూడు నెలలు ఏమీ తినకుండా పది ఇళ్ళవాళ్ళు బిందెలు మొయ్యరు. ముప్పయ్యో రోజున ఇంటికో కట్ట తోటకూర చేతిలో పడితే మొయ్యడానికి మనసొస్తుంది.

తోటకూర విత్తనం ఆవగింజ కంటే చిన్నది. గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, పైన పల్చగా కంపోస్టు జల్లి, తడి గోనెపట్టా కప్పండి. మూడో రోజున మొలక కనిపించగానే పట్టా తియ్యాలి. ఒక్క పూట ఆలస్యమైనా మొలకలు పాలిపోయి వాలిపోతాయి. బచ్చలికి విత్తనం అక్కర్లేదు, కూరగాయల బండి దగ్గర కొన్న కట్టలోంచి లావుపాటి కాడ తీసి రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చండి.

గోంగూరని మృగశిర కార్తెలో, అంటే సుమారు జూన్ 8 నుంచి 21 లోపు వెయ్యండి. ఇది పగలు కురచబడుతుంటే పూతకొచ్చే మొక్క. జూన్‌లో వేస్తే నాలుగు నెలలు ఆకు కోసుకోవచ్చు. సెప్టెంబరు దాటాక వేస్తే జానెడు ఎదగగానే మొగ్గ వేసి ముదిరిపోతుంది. నాటు అనప కూడా అంతే, జూలై, ఆగస్టుల్లో వేస్తే డిసెంబరుకి కాయ. ఏ కాలంలోనైనా కాయాలంటే హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వదిలిన అర్క జయ్, అర్క విజయ్ పొట్టి రకాలున్నాయి. అదే సంస్థ బెండలో అర్క అనామిక, టమాటాలో అర్క రక్షక్ ఇచ్చింది. మొదటిది పల్లాకు తెగులుని, రెండోది ఆకుముడత, ఎండుతెగులు, ఆకుమాడు తెగులుని తట్టుకుంటాయి. విత్తనాలు సంస్థ దగ్గర నేరుగానూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

బెండ గింజల్ని రాత్రి నానబెట్టి, అంగుళం లోతున, అడుగుకొకటి. వంగకి రెండడుగుల ఎడం. బీర, సొర, కాకర పందిరి ఎప్పుడూ తోటకి ఉత్తరపు కొసలో వెయ్యాలి, లేకపోతే చలికాలంలో దాని నీడ మిగతా మడుల మీద పడుతుంది.

ఏడో అడుగు: వంతులు, పంపకాలు

తోటలు ఆగిపోయేది ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

రోజుకో ఇల్లు అని వంతు వేస్తే ఎవరికీ గుర్తుండదు. వారం వంతు వెయ్యండి, ఇద్దరిద్దరికి కలిపి. పది ఇళ్ళు, ఐదు జంటలు. ఐదు వారాలకోసారి మీ వంతు వస్తుంది. జంటలో ఒకరు పొద్దున లేచేవాళ్ళు, ఇంకొకరు సాయంత్రం ఇంట్లో ఉండేవాళ్ళు అయితే మంచిది. ఊరెళ్ళాలంటే వంతు మార్చుకోవాలి, మార్చుకున్నది నోటుపుస్తకంలో రాయాలి. జరిమానాలు పెట్టకండి. డబ్బు కట్టేసి పని మానేయడం అలవాటవుతుంది. వంతు తప్పినవాళ్ళు తర్వాతి ఆదివారం కంపోస్టు తిరగేస్తారు, అంతే.

పంపకం సంగతి మేం అనుభవం మీద నేర్చుకున్నాం. మొదటి సొరకాయ మూరెడు పొడవు పెరిగింది, ఆదివారం అందరి ముందూ కోద్దామని ఎదురుచూస్తున్నాం. శనివారం సాయంత్రానికి లేదు. రెండు రోజులు గ్రూపులో ఒకరినొకరు అడిగిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. చివరికి తెలిసింది, మూడో అంతస్తుకి వచ్చిన చుట్టమొకాయన అందరికీ ఉచితం అనుకుని కోసుకెళ్ళాడట. ఆయన తప్పేమీ లేదు, అక్కడ ఒక బోర్డు కూడా లేదు. కానీ ఆ రెండు రోజుల్లో ఒక ఇల్లు తోట మానేసింది.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది. కరివేపాకు, పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు ఆ పూటకి సరిపడా తుంచుకోవచ్చు. గోంగూరకి మాత్రం నోటుపుస్తకంలో ఒక గీత. కాయలన్నీ ఆదివారం పొద్దున ఎనిమిదింటికే కోస్తాం. వాటాలు కుప్పలు పోసి, ఒక చిన్న పిల్లని వెనక్కి తిప్పి నిలబెట్టి, "ఇది ఎవరిది?" అని అడుగుతాం. పిల్ల ఏ పేరు చెబితే ఆ కుప్ప వాళ్ళది. ఊళ్ళో చేపలు పంచినట్టే. ఒక్క కాయే ఉంటే అది ఆ వారం నీళ్ళు పోసిన జంటది. ఆకుకూరని వేళ్ళతో పీకకూడదు, నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి తుంచాలి, మళ్ళీ చిగురేస్తుంది. ఈ నియమాలన్నీ తెలుగు, కన్నడ, ఇంగ్లీషుల్లో రాయించి పందిరి గుంజకి వేలాడదీశాం.

డబ్బు లెక్క ఒకరి దగ్గర, నోటుపుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. మేం మొదట ఇంటికి 800 రూపాయలు వేసుకున్నాం. పలుగు, రెండు పారలు, డ్రమ్ములు, మట్టి లోడు దానికే సరిపోయాయి.

ఎనిమిదో అడుగు: పురుగు

రోజూ ఆకు తిప్పి చూసే కన్ను ఉంటే సగం మందు అక్కర్లేదు. పేనుబంకని వేలితో తుడిచెయ్యొచ్చు, నీళ్ళ ధారతో కొట్టెయ్యొచ్చు. తెల్లదోమకి పసుపు రంగు జిగురు అట్టలు. మిగతావాటికి లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి కాస్త సబ్బునీళ్ళు, సాయంత్రం పూట. మడి కొసల్లో బంతి వెయ్యండి.

రసాయన మందులు పిల్లలు తిరిగే చోట వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2008 ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి దక్షిణాది తోటల్ని కమ్మేసింది, మందులకి లొంగలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థ ద్వారా కంటికి ఆననంత చిన్న కందిరీగల్ని విదేశం నుంచి తెప్పించి వదిలాక అదుపులోకి వచ్చింది. మీ తోటలోనూ అలాంటి మేలు చేసే పురుగులు ఉంటాయి. మందు కొడితే ముందు చచ్చేవి అవే.

తొమ్మిదో అడుగు: ఏప్రిల్, మే నెలలు

మార్చి చివరి ఆదివారం అందరూ కూర్చుని ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉండరో రాసుకోండి. ఆరు మడుల్లో రెండింటిలోనే కూర ఉంచండి. మిగతా నాలుగింటిలో ఏప్రిల్ మొదట్లోనే జనుము చల్లండి. మొలిచేదాకా తడి ఇస్తే తర్వాత తక్కువ నీళ్ళతోనే పెరుగుతుంది. నెలన్నరకి పూత పట్టగానే కోసి మట్టిలో కలిపేస్తే జూన్ విత్తుకి నేల గుల్లబారి ఉంటుంది. ఉన్న రెండు మడులకీ బెత్తెడు మందం ఎండుటాకులు పరిచి, 200 లీటర్ల డ్రమ్ముని మూడడుగుల ఎత్తు దిమ్మ మీద పెట్టి, దాని నుంచి డ్రిప్ గొట్టం లాగండి. డ్రమ్ము నింపే పనికి ఊళ్ళో ఉండే ఒకరి పేరు రాయండి. వాచ్‌మన్ అన్నకి అప్పగిస్తే రోజుకి ఇంత అని ముందే మాట్లాడుకుని నెల డబ్బులు చేతికిచ్చి బయల్దేరండి.

ఊరి నుంచి వచ్చేటప్పుడు ఖాళీ చేతులతో రాకండి. గుంటూరు వైపు వాళ్ళు గోంగూర గింజలు, రాయలసీమ వాళ్ళు అనప, చుక్కకూర, ఎవరి ఊళ్ళో ఏది బాగుంటే అది గుప్పెడు తెస్తే చాలు. ఇక్కడ పండినదాంట్లోంచి కూడా విత్తనం దాచుకోవచ్చు. అర్క రక్షక్ హైబ్రిడ్ కాబట్టి దాని గింజ మళ్ళీ అలాగే రాదు, అదొక్కటి వదిలెయ్యండి. మిగతావాటిలో బాగా కాసిన మొక్కని చూసి, దానికి ఎర్రదారం కట్టండి. దారం కట్టిన మొక్క కాయ ఎవరూ కొయ్యరని అందరికీ చెప్పండి. వంకాయ అయితే పసుపుపచ్చగా పండిపోయేదాకా చెట్టునే ఉంచి, గింజల్ని నీళ్ళలో పిసికి, మునిగినవి మాత్రమే తీసి నీడలో ఆరబెట్టండి. వారం ఆరాక కాస్త బూడిద కలిపి కాగితం పొట్లం కట్టి, పైన మొక్క పేరు, నెల, ఏ ఇంటివాళ్ళు దాచారో రాసి, సెక్రటరీ గదిలో బీరువా పై అరలో పెట్టండి.